నేను బోల్తా కొట్టించిన చేప

ఓడ మునగాలంటే తుఫాను రావాలి, లేదా అడుగున రాయి తగలాలి, లేదా నడిపేవాడు తప్పతాగి ఉండాలి. ఇవేవీ లేకుండా, ఏసీ హోటల్లో మెత్తటి కుర్చీలో కూర్చుని, రెండు చెంచాలతో ఓడను ముంచిన మొనగాణ్ని నేను. కోతలు కోస్తున్నాననుకునేరు, కావాలంటే మా ఆవిడనడగండి. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, చర్చి మెట్ల మీద ఈ కథ ఇన్నాళ్లుగా ఆవిడే చెబుతూ వస్తోంది. చెప్పినప్పుడల్లా అందులో చేప జానెడు పెరుగుతోంది. అది తిమింగలం అయ్యేలోపు అసలు జరిగిందేమిటో నేనే రాసి పడేద్దామని కూర్చున్నాను.

రెండువేల అయిదు ప్రాంతం. మాది నర్సాపురం దగ్గర ఒక పల్లె. మా ఆవిడ సువార్త దుబాయ్‌లో ఆసుపత్రి నర్సు. నేను నర్సు మొగుణ్ని. నవ్వకండి, ఆ రోజుల్లో అక్కడ అదొక పూర్తికాలం ఉద్యోగం. పొద్దున్నే ఆవిడకి టిఫిన్ డబ్బా అందించాలి. ఆవిడ వచ్చేసరికి అన్నం వార్చాలి. మధ్యలో పేపర్లో ఉద్యోగాల పేజీ మీద గీతలు గీస్తూ, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సులెక్కి దిగుతూ, అందరి చేతా లేదనిపించుకుని రావాలి. ఇవన్నీ విజిట్ వీసా మీద చేయాలి. ఆ వీసా గడువు దగ్గరపడితే కీష్ అనే దీవికి విమానం ఎక్కాలి. కొత్త వీసా వచ్చేదాకా అక్కడ హోటల్ మంచం మీద కూర్చుని, పక్క మంచం మీద కూర్చున్న నాలాంటివాణ్ని చూసి నిట్టూర్చాలి. నేను అప్పటికే ఒకసారి నిట్టూర్చి వచ్చాను.

"ఈసారి కీష్ దాకా వెళ్తే అటునుంచటే నర్సాపురం వెళ్లిపోండి," అంది సువార్త. "డ్యూటీలో రోగులకి ధైర్యం చెప్పొచ్చి, ఇంట్లో మళ్లీ మీకు చెప్పాలంటే నాకు ఓవర్‌టైమైపోతోంది."

నవ్వుతూనే అంది. కానీ అనేసి అటు తిరిగి చాలాసేపు గిన్నె తోముతూ నిలబడింది. అది అప్పటికే తోమిన గిన్నె. పెళ్లయ్యాక మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్నది ఆ కొద్ది నెలలే. వెళ్లిపోవాలంటే నాకు నిజంగానే ఏడుపొచ్చేది.

అలాంటి సమయంలో దేవుడు చర్చిలో నా పక్క కుర్చీలో కురియన్ సార్‌ని కూర్చోబెట్టాడు. ఆయన కేరళ మనిషి. జెబెల్ అలీ వైపు బోట్లు బాగుచేసే చిన్న యార్డుకి మేనేజరు. పనివాళ్లందరూ ఆయన్ని అరబ్బీలో ముదీర్ అనేవాళ్లు, అంటే మేనేజరే. ఆయనతో నాది హిందీ, బయటి దేశాలవాళ్లతో ఇంగ్లీషు. రెండూ నాకు సగం సగమే వచ్చు గానీ, ఇక్కడ మాత్రం అందరి చేతా మన భాషే మాట్లాడిస్తాను.

"ఒక టగ్గు రిపేరుకొచ్చింది," అన్నాడు కురియన్ సార్. టగ్గంటే పెద్ద ఓడల్ని తాడు కట్టి లాగే పొట్టి బోటు. "దాని తాలూకు మనుషులు ఇద్దరు హాంగ్‌కాంగ్ నుంచి వచ్చారు. వాళ్లకి ఏం కావాలో చూసుకో. వాళ్లు సంతోషంగా టగ్గుని తీసుకుని వెళ్లారా, నీ వీసా నేను వేయిస్తా. వెళ్లలేదా..."

"కీష్, సార్," అన్నాను, ఆయన శ్రమ తగ్గిస్తూ.

ఆ ఇద్దరిలో పెద్దాయన కెప్టెన్ లామ్. బక్కపల్చటి ముసలాయన. ఎండలో ఆరబెట్టిన తాడులా ఉండేవాడు, మాట కూడా అంత పొదుపే. రెండోవాడు ఇంజినీరు వాంగ్. కుర్రాడే గానీ ప్రతిదాన్నీ అనుమానంగా చూసే రకం, మా టీ కూడా వాసన చూసి తాగేవాడు. వారం రోజులు మా యార్డు మెస్సులో కోడి బిర్యానీ తిని తిని ఇద్దరి ముఖాలూ పీక్కుపోయాయి.

"రేపు పొద్దున పున్నమి పోటు. టగ్గు నీళ్లలో దిగాలి," అన్నాడు కురియన్ సార్. "ఈ సాయంత్రం వాళ్లని దేరాలో చైనా హోటల్‌కి తీసుకెళ్దాం. కెప్టెన్‌కి చేప కావాలట."

"సార్, చేప సంగతి నాకొదిలెయ్యండి. మీరు మాట్లాడుతున్నది నర్సాపురం వాడితో."

"తెలుసు," అన్నాడాయన. "అందుకే కాస్త భయంగా ఉంది."

చేప వచ్చింది. నిండైన హమూర్, తలా తోకా సహా, పొడుగాటి పళ్లెంలో. పాఠకులారా, ఆ చేపను చూసి నా కడుపు తరుక్కుపోయింది. పసుపు లేదు. కారం లేదు. చింతపండు ఊసే లేదు. ఆవిరి మీద ఉడికించి, పైన నాలుగు అల్లం ముక్కలూ ఉల్లికాడలూ పడేశారు. జ్వరమొచ్చిన చేపకి పథ్యం పెట్టినట్టుంది. అయినా కెప్టెన్ కళ్లు మెరిశాయి. వారంలో మొదటిసారి ఆయన పళ్లు చూశాను.

పైవైపు కండ అంతా చిటికెలో ఖాళీ అయింది. ముల్లు బయటపడింది. అప్పుడు కెప్టెన్ ఏం చేశాడంటే, చైనావాళ్లు చెంచాకి బదులు పట్టుకునే ఆ పుల్లలు రెండూ ముల్లు కిందికి దూర్చి, అడుగునున్న కండని కొంచెం కొంచెంగా బయటికి లాగడం మొదలుపెట్టాడు. మెల్లగా, ఓపిగ్గా, చెవిలో గుమిలి తీస్తున్నంత జాగ్రత్తగా.

నేను చూస్తూ కూర్చోగలనా? మా వైపు విస్తరి ముందు కూర్చున్న చుట్టం ఏదైనా అందక ఇబ్బంది పడుతుంటే, చూస్తూ ఊరుకున్నవాణ్ని మళ్లీ ఎవరూ భోజనానికి పిలవరు. పాపం, పెద్దాయన మొహమాటపడుతున్నాడు, తిప్పమని అడగలేకపోతున్నాడు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కురియన్ సార్‌కి ఫోనొచ్చి బయటికి వెళ్లాడు. నన్ను ఆపగలిగిన ఒకే ఒక్క మనిషి అలా తలుపు దాటాడు.

రెండు పెద్ద చెంచాలు తీసుకున్నాను. ఒకటి తల కింద, ఒకటి తోక కింద. ఒక్క ఊపు. చుక్క రసం చిందలేదు, ఒక్క ముక్క చెదరలేదు. హమూర్ అందంగా గాల్లోకి లేచి, అటు తిరిగి, పళ్లెంలో వాలింది. అంత చక్కగా చేపను తిప్పినవాడు ఆ హోటల్ చరిత్రలో ఉండడు. చప్పట్లు కొడతారేమోనని చూశాను.

"ఇదిగో కెప్టెన్!" అన్నాను గొప్పగా. "పూర్తిగా బోర్లా తిప్పేశాను! కానివ్వండి!"

వాంగ్ చేతిలోని పుల్లలు టకటకా కిందపడ్డాయి. అతని ముఖాన నెత్తుటి చుక్క లేదు. పక్క బల్ల దగ్గర ఉన్న చైనా కుటుంబం కూడా తినడం ఆపి నా వైపు చూసింది. అందులో ఒక ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"మీరు చేపను తిప్పారు," అన్నాడు వాంగ్, నేను మనిషిని చంపానన్నట్టు.

"అవును. రెండోవైపు తినాలి కదా?"

"సముద్రం మీద బతికేవాళ్లం, మేం చేపను తిప్పం. బల్ల మీద చేపంటే నీళ్ల మీద పడవ. ఇక్కడ ఇది బోల్తా పడితే అక్కడ అది బోల్తా పడుతుంది."

"మరి రెండోవైపు ఎలా తింటారు?"

"ముల్లు ఎత్తి తింటాం. కెప్టెన్ అదే చేస్తున్నారు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాడు పొద్దున నీళ్లలో దిగబోయే టగ్గుని ముందురోజు సాయంత్రమే, అదీ దాని కెప్టెన్ కళ్లముందు, బోల్తా కొట్టించేశానన్నమాట. ఇక్కడ బుద్ధున్నవాడైతే లేచి రెండు చేతులూ జోడిస్తాడు. నేనేం చేశానో ఊహించండి. కాదు, అంతకంటే ఘోరం.

"అంతేనా? దానిదేముంది, ఇప్పుడే నిలబెట్టేస్తా!" అంటూ మళ్లీ చెంచాలు తీసుకున్నాను.

"వద్దు!" అని అరిచాడు వాంగ్.

అప్పటికే చేప గాల్లో ఉంది. ఈసారి ఒక చెంచా పక్కకి జారింది. హమూర్ నడుం దగ్గర విరిగి, తల ఒకవైపు, తోక ఒకవైపు పడ్డాయి. మధ్యలో ముల్లు ఒక్కటే మిగిలింది. పక్క బల్ల ముసలావిడ కుర్చీ అటు తిప్పుకుంది.

"ఇప్పుడు రెండు ముక్కలైంది," అన్నాడు వాంగ్.

"తలవైపు చూడండి, చెక్కుచెదరలేదు," అన్నాను, ఏదో ఒక శుభవార్త చెప్పాలి కదా అని.

"ఇంజిన్ తోకవైపు ఉంటుంది," అన్నాడు ఇంజినీరు.

కురియన్ సార్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. బల్ల చుట్టూ ఉన్న ముఖాలు చూసి, "ఏమిటి, ఎవరైనా పోయారా?" అన్నాడు.

"మీ మనిషి మా టగ్గుని ముంచాడు. ముంచి రెండుగా విరిచాడు," అన్నాడు వాంగ్. "రేపు నేను ఎక్కను."

ఇంజినీరు ఎక్కకపోతే ఇంజిన్ తిరగదు. ఇంజిన్ తిరగకపోతే టగ్గు కదలదు. టగ్గు కదలకపోతే నేను కదలాలి, కీష్ వైపు. కురియన్ సార్ పళ్లెం చూశాడు, నా చేతిలో చెంచాలు చూశాడు, మొత్తం అర్థం చేసుకున్నాడు.

"రాజూ, నువ్వు బాత్రూముకి వెళ్లు."

"నాకు అవసరం లేదు సార్."

"నాకు అవసరం. వెళ్లు."

వెళ్లాను. వెళ్లి సువార్తకి ఫోన్ చేశాను. సాయంత్రం డ్యూటీలో ఉంది.

"సువార్తా, చేపను తిప్పేసేనే."

"మాడిపోయిందా?"

"మాడలేదు. మునిగింది."

"చేప మునగడమేంటండీ? దానికి ఈత రాదా?"

మొత్తం చెప్పాను. తిప్పింది, మళ్లీ తిప్పింది, విరిగింది. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వాపుకుంటోందని తర్వాత తెలిసింది.

"కొంప మునిగిందని చెప్పొచ్చుగా, ఒక్క ముక్కలో అర్థమయ్యేది," అంది. "ఇప్పుడు నే చెప్పేది వినండి. లోపలికెళ్లి తప్పైపోయిందనండి. అంతే. కారణాలు చెప్పకండి. మీరు కారణాలు చెప్పేరంటే ఇంకో ఓడ మునుగుతుంది."

"ఆయ్, అలాగే."

"ఏవండీ," అంది మళ్లీ, ఈసారి నవ్వు లేకుండా. "ఉద్యోగం పోతే పోనీండి. భయపడకుండా ఇంటికి రండి."

ఆ మాటతో నాకు ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది, ఎక్కడలేని దిగులూ వచ్చింది. ముఖం కడుక్కుని లోపలికి నడిచాను.

చూస్తే కెప్టెన్ లామ్ తోక ముక్కని తన గిన్నెలో వేసుకుని ప్రశాంతంగా తింటున్నాడు. నేను ఎదురుగా నిలబడి, "తప్పైపోయింది కెప్టెన్," అన్నాను. కారణాలు నాలుక చివరిదాకా వచ్చాయి, మింగేశాను.

ఆయన పుల్లలు కింద పెట్టి, మూతి తుడుచుకుని, వాళ్ల భాషలో ఏదో చిన్న మాట అన్నాడు. రేకు మీద నాలుగైదు వానచినుకులు పడ్డట్టు టపటపమని ఉంది. వాంగ్ తల దించుకున్నాడు.

"మా వాళ్లు అనే మాట," అని నాకు ఇంగ్లీషులో చెప్పాడు కెప్టెన్. "తెలియక చేసినవాడి మీద నేరం మోపకూడదు అని. నీకు తెలియదు. అందుకని నేరం లేదు. కూర్చుని తిను."

కూర్చున్నాను గానీ ఏం తినగలను? నేను ముంచిన ఓడని ముంచినవాడి చేతే తినిపిస్తున్నాడు. అంత మంచితనం నేను తట్టుకోలేకపోయాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కానీ ఒకటి," అన్నాడాయన. "ఈ మాట ఒక్కసారికే పనికొస్తుంది. ఇప్పుడు నీకు తెలిసింది. మళ్లీ తిప్పావంటే నేరమే."

"జన్మలో తిప్పను."

"ఇంకొకటి. రేపు టగ్గు నీళ్లలో దిగేటప్పుడు నువ్వూ మాతోపాటు దాని మీద ఉండాలి. చేప తిప్పినవాడు పడవలో ఉంటే ఆ పడవ తిరగబడదు."

"ఇదీ మీవాళ్లు అనే మాటేనా కెప్టెన్?"

"కాదు," అన్నాడు. "ఇది నా సరదా."

వాంగ్ ఆ షరతు మీద ఎక్కడానికి ఒప్పుకున్నాడు. ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. నాకు ఈత రాదు. గోదావరి పక్కన పుట్టినవాడికి ఈత రాదా అని ఆశ్చర్యపోకండి. గోదావరి పక్కన కాబట్టే మా అమ్మ నన్ను నీళ్ల దరిదాపులకి పోనివ్వలేదు.

మర్నాడు పొద్దున సువార్త ఎన్నడూ లేంది తనే నాకు డబ్బా కట్టింది. పెరుగన్నం, పక్కన చిన్న డబ్బాలో మా అమ్మ పంపిన కారప్పొడి. "మునిగినా ఆకలితో మునక్కూడదు కదా," అంది.

యార్డులో టగ్గు ఒక పెద్ద బండి మీద కూర్చుని ఉంది. ఆ బండి నీళ్లలోకి వాలుగా దిగే పట్టాల మీద ఉంటుంది. వెనక నుంచి ఇనుప తాడు పట్టి ఉంచుతుంది, ఆ తాడు చుట్టిన యంత్రం బ్రేకు వదిలితే బండి మెల్లగా జారి, టగ్గు నీళ్ల మీద తేలుతుంది. ఆ బ్రేకు మీద చెయ్యి వేసే హక్కు యార్డు మొత్తానికి ఒక్కడిదే. నిజామాబాద్ వైపు పల్లె నుంచి వచ్చిన గంగారాం అన్న. మిగతా పనివాళ్లు కూడా ఎక్కువమంది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. బ్రేకు వదిలే ముందు అన్న బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టి, టగ్గు ముక్కు దగ్గర అగరుబత్తులు వెలిగించేవాడు. కురియన్ సార్ చర్చి మనిషే అయినా అటువైపు చూడనట్టు నటించేవాడు.

నేను టగ్గు మీద ఉన్నాను. ఒక లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ తొడుక్కుని ఉన్నాను. చేతులు కిందికి దిగడం లేదు, నెల నిండిన గర్భిణిలా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. పక్కన కెప్టెన్, ఆయన పక్కన నా వైపు చూడకుండా వాంగ్.

పోటు నిండుగా వచ్చింది. గంగారాం అన్న దండం పెట్టుకుని, బ్రేకు మీద చెయ్యి వేసి, ఇక పదండన్నట్టు "యల్లా!" అన్నాడు.

అగరుబత్తి పొగ గాలికి పైకి లేచి, నేరుగా కెప్టెన్ ముక్కులోకి వెళ్లింది.

"హాఛ్!"

ఒకటే. ఓడ కూతలాంటి తుమ్ము. యార్డు ఈ చివర నుంచి ఆ చివరకి వినబడింది.

గంగారాం అన్న బ్రేకు మీంచి చెయ్యి తీసేశాడు. "ఒంటి తుమ్ము," అన్నాడు. పనివాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ కింద కూర్చున్నారు.

"ఏమిటి ఆపారు?" అని పరిగెత్తుకొచ్చాడు కురియన్ సార్. "పోటు తగ్గిపోతుంది!"

"ఒంటి తుమ్ము పడ్డది సార్. జర్ర ఆగాలె. కూసోని నీళ్లు తాగాలె."

"ఎంతసేపు?"

"మనసుకు మంచిగనిపిచ్చేదాంక."

కురియన్ సార్ నీళ్లవైపు చూసి తల పట్టుకున్నాడు. ఈ పోటు పోతే మళ్లీ ఇంత నీళ్లు రావాలంటే అమావాస్య దాకా ఆగాలి. అమావాస్యకి నేను కీష్‌లో మంచం మీద ఉంటాను.

"ఏమైంది?" అని నన్నడిగాడు కెప్టెన్.

"మీరు తుమ్మారు కెప్టెన్."

"అవును. పొగ."

"ఒక్కసారే తుమ్మారు."

"ఎన్నిసార్లు తుమ్మాలి?"

"మా వైపు పని మొదలుపెట్టేటప్పుడు ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే ఆ పని చెడిపోతుందంటారు. అందుకే వాళ్లు ఆగిపోయారు."

నిజం చెప్పాలంటే మేం ప్రార్థన చేసుకునేవాళ్లం, శకునాలు నమ్మం. అయినా ఒంటి తుమ్ము వినబడితే మా అమ్మ బైబిలు పక్కన పెట్టి మరీ మంచినీళ్ల గ్లాసు తెచ్చేది. ఆ తుమ్ముకి నా కాలు కూడా ఒకసారి వెనక్కి పడిందని ఒప్పుకుంటున్నాను.

కెప్టెన్ ముఖం చూడాలి అప్పుడు. ముందురోజు హోటల్లో నా ముఖం ఎలా ఉందో అచ్చు అలా ఉంది. వాంగ్ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "నిన్న ఈయన, ఇవాళ మీరు," అన్నాడు నీరసంగా.

ఆహా! నా జీవితంలో అలాంటి క్షణం అంతకుముందు రాలేదు. రెండు లైఫ్ జాకెట్లలోనూ ఛాతీ విరిచాను.

"కెప్టెన్," అన్నాను, "తెలియక చేసినవాడి మీద నేరం మోపకూడదు. మీకు తెలియదు. అందుకని నేరం లేదు."

ముసలాయన ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, వంగిపోయి నవ్వాడు. వాంగ్ కూడా నవ్వాడు, అతనికి ఆ విద్య వచ్చునని అప్పుడే తెలిసింది. ఇక క్షమించడమనే పని నా చేతికి వచ్చిన ఊపులో, రెయిలింగు మీంచి కిందికి వంగి అరిచాను.

"గంగారాం అన్నా! పాపం ఆయన తెలియక తుమ్మాడు, మాఫ్ చెయ్యి!"

"ఎర్కలేక తుమ్ముడేంది రాజు సాబ్? తుమ్ము ఎవ్వలికన్న చెప్పొస్తదా?"

"అదే నేననేది! చెప్పి రాదు కనకే తప్పు కాదు!"

"తప్పని నేనన్ననా? గాయన మీద నాకేం కోపం లేదు. గాయన మంచోడే. తుమ్మే మంచిది గాదు."

కెప్టెన్ గారి మాట మనుషుల్ని క్షమిస్తుంది గానీ తుమ్ముల్ని క్షమించదు.

"మరేం చేద్దామన్నా?"

"ఇంకోటి తుమ్మమను. జోడైతది. జోడు తుమ్ముకు దోషం లేదు."

కెప్టెన్‌కి చెప్పాను. "అంతేనా?" అన్నాడు తేలిగ్గా. సూర్యుడి వైపు చూశాడు. రాలేదు. తాడు పీచు ముక్కులో పెట్టుకుని తిప్పాడు. రాలేదు. ఇందాక అడక్కుండా తుమ్మించిన అగరుబత్తి పొగని ఇప్పుడు గుండెల నిండా పీల్చాడు, పెద్దాయనకి దగ్గొచ్చింది తప్ప తుమ్ము రాలేదు. కింద పనివాళ్లు మెడలెత్తి ఆ ముక్కునే చూస్తున్నారు. కురియన్ సార్ నీళ్లని చూస్తున్నాడు, నీళ్లు ఒక మెట్టు దిగాయి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు మా అమ్మ కారప్పొడి.

డబ్బా తెరిచి కెప్టెన్ ముక్కు కింద పెట్టాను.

"ఏమిటిది?" అన్నాడు అనుమానంగా.

"మందు. మా ఆవిడ నర్సు."

నర్సు అనగానే నమ్మి, గట్టిగా పీల్చాడు. ముందు ముక్కు ఎర్రబడింది. తర్వాత చెవులు. తర్వాత కళ్లు ధారకట్టాయి. వాంగ్ నా కాలరు పట్టుకోవడానికి వచ్చాడు. కెప్టెన్ చెయ్యెత్తి ఆగమన్నాడు. యార్డంతా ఊపిరి బిగబట్టింది.

"హా... హా... హాఛ్!"

"జోడైంది!" అని యార్డంతా ఒక్కటే కేక. పనివాళ్లు లేచారు. గంగారాం అన్న బ్రేకు దగ్గరికి ఉరికాడు. హమ్మయ్య అనుకుని కెప్టెన్ వైపు తిరిగానా, ఆయన ముఖం మళ్లీ వంకర్లు పోతోంది. నోరు తెరుచుకుంటోంది. మూడోది వస్తోంది! మూడోదొస్తే జోడు చెడుతుంది, పోటు పోతుంది, నేనూ పోతాను.

ఆలోచించే టైము లేదు. ఒక్క దూకు దూకి, ఓడల్ని ఏలిన ఆ పెద్దమనిషి ముక్కుని రెండు వేళ్లతో గట్టిగా పట్టేసుకున్నాను.

"వదులన్నా, వదులు!" అని అరిచాను.

"ముక్కా, బ్రేకా?" అన్నాడు గంగారాం అన్న కింది నుంచి.

"బ్రేకు!"

బ్రేకు వదిలాడు. తాడు కిర్రుమంది. బండి కదిలింది. మేం ముగ్గురం, అంటే నేనూ, నా చేతిలో కెప్టెన్ ముక్కూ, ఆ ముక్కు వెనక కెప్టెన్, అలాగే వాలు మీద జారుతూ వెళ్లాం. నీళ్లు రెండువైపులా చీలాయి. టగ్గు ఒకసారి ఎడమకి ఊగింది, నేను యేసుప్రభువుని పిలిచాను. ఒకసారి కుడికి ఊగింది, ఈసారి మా అమ్మని పిలిచాను. తర్వాత బుద్ధిగా, నిటారుగా, నీళ్ల మీద నిలబడింది. ఒడ్డున కేకలు, ఈలలు. కురియన్ సార్ నిమ్మకాయ ముక్కలు తొక్కుతూ గంతులేస్తున్నాడు.

ముక్కు వదిలాను. కెప్టెన్ తుమ్మాడు. అదేమీ తుమ్ము కాదు, అప్పటిదాకా దాచిపెట్టినదంతా వడ్డీతో వచ్చింది.

"ఇగ ఎన్నన్న తుమ్ముకోమను!" అని ఒడ్డు నుంచి చెయ్యి ఊపాడు గంగారాం అన్న. "పనైపాయె!"

కెప్టెన్ కళ్లు తుడుచుకుని, ముక్కు సరిగ్గా ఉందో లేదో తడిమి చూసుకుని, నా వైపు తిరిగాడు. ముఖంలో నవ్వు లేదు.

"సొంత ఓడ మీద కెప్టెన్ ముక్కు పట్టుకోకూడదని నీకు తెలియదా?"

ముక్కు పట్టుకున్న చెయ్యి వెనక్కి దాచుకున్నాను. "తెలియదు కెప్టెన్."

"నిజంగా తెలియదా?"

"దేవుడి తోడు, తెలియదు."

"అయితే నేరం లేదు," అన్నాడు. అని, ఎర్రటి ముక్కుతో, ఎర్రటి కళ్లతో, చెవులదాకా నవ్వాడు.

వాంగ్ ఇంజిన్ తిప్పాడు. తోకవైపు అంతా భేషుగ్గా ఉందని తనే వచ్చి నా భుజం తట్టి చెప్పాడు. మధ్యాహ్నానికి కెప్టెన్ టగ్గుని ఒప్పుకుని, నా కారప్పొడి డబ్బా అడిగి మరీ పట్టుకెళ్లాడు. కురియన్ సార్ నా దగ్గరికొచ్చి రెండే మాటలన్నాడు: "పాస్‌పోర్ట్ పట్రా."

సువార్తకి ఫోన్ చేశాను.

"తేలింది!" అన్నాను.

"టగ్గా? మీరా?"

"ఇద్దరం!"

ఆవిడ ఆసుపత్రి వరండాలో నిలబడి ఏడ్చింది. నేను యార్డు గేటు దగ్గర నిలబడి ఏడ్చాను. తర్వాత చాలా ఏళ్లు అక్కడే పనిచేశాను, ఎన్నో బోట్లు దిగాయి, ఒక్కటీ మునగలేదు. కీష్ మాత్రం మళ్లీ చూడలేదు.

కాబట్టి పాఠకులారా, మీ సమక్షంలో కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బల్ల మీది చేపను నా చేత్తో తిప్పను, తిప్పనివ్వను, తిప్పేవాళ్ల సరసన కూర్చోను. కెప్టెన్ల ముక్కుల జోలికి అసలే వెళ్లను. పులుసులో ముక్కకి ఏ వైపు పైనో దానికే తెలియదు కాబట్టి పులుసుతో పేచీ లేదు. వచ్చిన చిక్కల్లా వేపుడుతోనే. "తిప్పకుండా ఎలా వేగుతుందండీ?" అంటుంది సువార్త అట్లకాడ పట్టుకుని. అందుకే మా ఇంట్లో చేప పెనమెక్కిన ప్రతిసారీ నేను హాల్లోకి వచ్చి, గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని నిలబడతాను. వంటింట్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు. తెలియనివాడి మీద నేరం లేదు.